అక్షింతల పురుగుల్లో మిత్రుడెవరు, శత్రువెవరు?

పెరటి వంగకు చేని మందు తగదు

రాయదుర్గం: ఇంటి వెనుక నాలుగు వంగ మొక్కలు పెంచుకునే ఇళ్ళలో ఏటా వానాకాలంలో కనిపించే దృశ్యం ఒకటున్నది. నిన్నటి వరకు నిగనిగలాడిన ఆకు జల్లెడ అవుతుంది. ఈనెలు మాత్రం మిగిలి, వాటి మధ్య పచ్చదనమంతా గోటితో గీకివేసినట్లు పోతుంది. రెండు మూడు రోజుల్లో ఆకు ఎండిన కాగితం మాదిరి ముడుచుకుంటుంది. తిరగవేసి చూస్తే అడుగున ఎర్రటి పెంకు పురుగులు నాలుగైదు ఉంటాయి. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట ఇది: "చేనికి కొట్టగా మిగిలిన మందు ఉంది గదా, ఒక మూత కలిపి కొడితే పోలా!"

ఈ ఒక్క మూత మందు గురించి గ్రామాలు గట్టిగా ఆలోచించవలసిన అవసరం ఉన్నది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన పడే జిల్లా ఇది. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటి. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు పైరు పొలాల మీదికి జరిగి వస్తున్న సంగతి అందరికీ తెలిసినదే. ఇట్టి నేలలో బోరు ఉన్న రైతుకు తోట ఉంటుంది, లేని ఇంటికి పెరడే తోట. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు కాలువ చేసి మళ్ళించి, గుమ్మఘట్ట మొదలు డి.హీరేహాళ్ వరకు ఎందరో ఆడవాళ్ళు నాలుగు వంగ మొక్కలు, ఒక సొర తీగ, ఒక కాకర పాదు, ఒక సాలు మటిక్కాయలు కాయించుకుంటున్నారు. సంతలో కూరగాయల ధర మండిపోయిన వారం ఆ ఇంటి పిల్లల సంగటిలోకి కూర వచ్చేది ఆ పెరటి నుండే. కాబట్టి పెరటి ఆకు తినే పురుగును అదుపు చేయవలసిందే. ఎవరూ కాదనరు. ఏ పురుగును, ఏ విధంగా అన్నదే ప్రశ్న.

పేరు ఒక్కటే, పురుగులు రెండు

వంగ ఆకును జల్లెడ చేసే పురుగును అక్షింతల పురుగు అంటారు. పసుపు కుంకుమలు అంటిన బియ్యపు గింజలను తలపిస్తుంది గనుక ఆ పేరు వచ్చి ఉండవచ్చు. పేరు ముచ్చటైనదే గాని చిక్కంతా అందులోనే ఉన్నది. ఎందుకంటే, వేరుశెనగ మీద, అలసంద మీద, అనప మీద పేనుబంకను తిని రైతుకు మేలు చేసే పురుగును కూడా అక్షింతల పురుగు అనే అంటారు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో మిత్ర పురుగుల జాబితాలో దాని పేరే ముందుంటుంది. చదివినవాడు వంగ మీద శత్రువును చూచి మిత్రుడని వదిలివేస్తాడు. చదవనివాడు అలసంద మీద మిత్రుని చూచి శత్రువని మందు కొడతాడు. రెండు విధాలా నష్టమే.

రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కావడం వల్లనే ఈ గందరగోళం. ఆ కుటుంబంలో చాలా భాగం వేటాడి బ్రతికేవి. పేనుబంక, పిండినల్లి వంటి మెత్తని పురుగులే వాటి ఆహారం. ఒక శాఖ మాత్రం ఆకుకు మరిగింది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎపిలాక్నా. వంగ, టమాటా, ఆలుగడ్డ, కాకర దానికి ఇష్టమైన మేత. అందులో ఒక రకానికి 28 చుక్కల పురుగు అనే అర్థం వచ్చే శాస్త్రీయ నామం ఉన్నది. 12 చుక్కల రకం మరొకటి. చుక్కలు కలిసిపోయినవీ, చెరిగిపోయినవీ కూడా కనిపిస్తాయి కాబట్టి తెల్లవారి పనుల వేళ చుక్కలు లెక్కపెడుతూ కూర్చోవడం అయ్యే పని కాదు.

అంతకంటె సులువైన గుర్తులు ఉన్నాయి. మొదటిది మెరుపు. మిత్ర పురుగు వీపు కొత్త గాజు మాదిరి నున్నగా మెరుస్తుంది. శత్రువు వీపు మీద కంటికి ఆననంత సన్నని నూగు ఉంటుంది గనుక అది మెరవదు, తోమని రాగి చెంబు రంగులో మసకగా ఉంటుంది. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే మిత్ర పురుగుల్లో ఒకదానికి నారింజ లేక పసుపు రంగు వీపు మీద నల్లని వంకర గీతలు ఉంటాయి, మరొక దానికి ఎర్రని వీపు మీద ఏడు చుక్కలుంటాయి.

రెండవ గుర్తు పిల్ల పురుగు. ఇది మరింత నమ్మకమైనది. శత్రువు పిల్ల లేత పసుపు రంగులో, ఒళ్ళంతా కొమ్మలు వేసిన ముళ్ళతో, ఆకు అడుగున కదలక మెదలక గీకుతూ ఉంటుంది. మిత్రుని పిల్ల నల్లగా, సన్నగా, చిన్న మొసలి మాదిరి ఉండి చురుకుగా పరుగెత్తుతుంది. పెక్కుమంది చంపేది దీన్నే. చూడటానికి వికారంగా ఉంటుంది గనుక ఏదో విషపు పురుగని నలిపివేస్తారు. అది ఎదిగేలోగా వందల సంఖ్యలో పేనుబంకను తినగలదు.

మూడవది తావు. పేనుబంక పట్టిన కొమ్మ మీద తిరుగుతూ, ఆకుకు చిల్లు లేకపోతే అది మిత్రుడు. పేనుబంక లేదు, ఆకు జల్లెడ అయింది, అడుగున పసుపు ముళ్ళ పిల్లలున్నాయి అంటే అది శత్రువు. గుడ్లను బట్టి తేల్చడం మాత్రం కష్టం. రెండూ ఆకు అడుగున పసుపు రంగు గుడ్లనే గుంపుగా, నిలువుగా నిలబెట్టి పెడతాయి. కనుక గుడ్లను నలిపే ముందు చుట్టూ పేనుబంక ఉన్నదేమో చూచుకోవాలి.

ఒక్క మూత మందు

ఇక ఆ మందు సంగతి. చేనికి, పెరటికి పెద్ద తేడా ఒకటున్నది. చేలో పంట కోతకు ఒక రోజంటూ ఉంటుంది. మందు కొట్టిన తరువాత ఇన్ని రోజులు ఆగి కోయవలెనని సీసా మీద ముద్రించి ఉంటుంది, ఆగగలిగిన రైతు ఆగుతాడు. పెరటిలో కోత రోజు అంటూ లేదు. పొద్దున నాలుగు కాయలు, సాయంత్రం రెండు కాయలు, చుట్టం వస్తే అప్పటికప్పుడు మరి రెండు. నిన్న కొట్టిన మందు ఇంట్లో అందరికీ గుర్తుండదు. బడి నుండి వచ్చిన పిల్లవాడు పచ్చి టమాటా తెంపుకుని చొక్కాకు తుడుచుకుని తింటాడు. పెరటిలో ఆగే రోజులు లేవు కాబట్టి ఆగవలసిన మందుకు అక్కడ చోటు లేదు.

పైగా చేని మందు కూరగాయల కోసం తయారైనది కాకపోవచ్చు. పత్తికి, మిరపకు కొట్టే మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఆ తరువాత కూడా గ్రామాల్లో సగం వాడిన సీసా అటక మీదనో, పశువుల కొట్టంలోనో మిగిలి, మరుసటి ఏడు వంగ మీదికి వచ్చేది. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు మరణించారు. వంట నూనెలో ఇదే మందు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. ఖాళీ సీసా కడిగి కిరోసిన్ పోసుకునే ఇళ్ళు, నూనె పోసుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయంటే ఏమనాలి?

పెద్దల కాలంలో వంగ మీద గమాక్సిన్ పొడి చల్లేవారని కొందరు వాదిస్తారు. చల్లిన మాట నిజమే. గుడ్డలో మూటకట్టి ఆకుల మీద దులిపేవారు. ఆ బి.హెచ్.సి. పొడిని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అక్షింతల పురుగుకు లీటరుకు ఇన్ని గ్రాములని ఏళ్ళ తరబడి పుస్తకాల్లో వ్రాసిన కార్బరిల్‌ను 2018లో నిషేధించారు. ఒకనాడు సిఫారసు చేసినదే మరునాడు నిషిద్ధమవుతున్నది. ఈలోగా తిన్న వంకాయలు తిన్నవే.

మందు అమ్మే దుకాణాల తీరు కూడా చెప్పుకోక తప్పదు. "వంగకు పురుగు పట్టింది" అంటే ఏ పురుగు అని అడిగేవారు అరుదు. ఆకు తెచ్చి చూపించమనేవారు మరీ అరుదు. కాయ తొలిచే పురుగుకూ, ఆకు గీకే పురుగుకూ ఒకే సీసా చేతికి వస్తున్నది. నాలుగు మొక్కలున్న ఇల్లాలికి అర లీటరు సీసా అమ్మడం వ్యాపారం కావచ్చు గాని సలహా కాదు.

చాట చాలు

అక్షింతల పురుగుకు ఒక అలవాటున్నది. తాకితే చాలు, కాళ్ళు ముడుచుకుని చచ్చినట్లు నటిస్తూ కింద పడుతుంది. ఉదయం పూట మొక్క కింద చాట పెట్టి కొమ్మను తట్టితే ముప్పాతిక మువ్వీసం అందులోనే రాలతాయి. వాటిని సబ్బు నీళ్ళలో వేస్తే సరి. వేళ్ళకు పసుపు మరక, చేదు వాసన అంటితే భయపడనక్కరలేదు, ఆత్మరక్షణకు అది వదిలే ద్రవం అది. అందుకే కోళ్ళు కూడా దాన్ని అంతగా ముట్టవు. ముళ్ళ పిల్లలు, గుడ్లు ఉన్న ఆకులను తుంచి నలిపివేయాలి. వారానికి రెండుసార్లు ఈ పని చేస్తే నాలుగైదు మొక్కలకు వేరే మందు అక్కరలేదు.

అయితే ఆకు మీద గోధుమ రంగుకు లేక నల్లగా మారి, ఉబ్బి, అంటుకుపోయిన పిల్ల పురుగులు కనిపిస్తే వాటిని మాత్రం ముట్టరాదు. అవి రోగంతో చచ్చినవి కావు. చీమ కంటె చిన్నదైన ఒక కందిరీగ జాతి పురుగు వాటి లోపల గుడ్లు పెట్టింది. ఆ ఒక్క పిల్ల పురుగు శరీరం నుండి పదీ ఇరవై కందిరీగలు బయటకు వచ్చి మరిన్ని అక్షింతల పురుగు పిల్లలను వెదికి పట్టుకుంటాయి. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో చిక్కుడు, సోయా పైర్లను తినే ఇటువంటి పురుగునే అదుపు చేయడానికి అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1966లో ఈ కందిరీగను మన దేశం నుండి తీసుకుపోయారు. ఏటేటా పెంచి పొలాల్లో వదిలేవారు. వారు సముద్రం దాటించి తీసుకుపోయిన పురుగు ఇక్కడ పెరటి వంగ మీద ఉచితంగా ఉన్నది. ఒక్క మూత మందుతో ముందుగా పోయేది అదే.

చేతితో ఏరినా తగ్గకపోతే వేప గింజల కషాయం ఉన్నది. వేప పండ్లు రాలే జూన్, జులైలలో ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనె సంచిలో దాచుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు లెక్కన నూరి, గుడ్డలో మూటకట్టి రాత్రి నానవేసి, పొద్దున పిండి, కాస్త సబ్బు కలిపి, వడగట్టి, సాయంత్రం చల్లబడిన తరువాత ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. అడుగున పడకపోతే కొట్టినా ఒకటే కొట్టకపోయినా ఒకటే. చేసిన రోజే వాడాలి, దాచితే చేవ పోతుంది. ఇది పురుగును వెంటనే పడగొట్టదు. మేత మాన్పిస్తుంది, ఎదుగుదల ఆపుతుంది. సీసా మందుకు అలవాటు పడిన కంటికి ఇది పనిచేయనట్లే కనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి.

గుమ్మడి, సొర, దోస పాదులకు పట్టే ఎర్రని పెంకు పురుగు వేరు. అది పొడవుగా, నిండు నారింజ రంగులో ఉండి, ఎండ ఎక్కితే చటుక్కున ఎగిరిపోతుంది. మొలక రెండాకుల మీద ఉన్నప్పుడే దాని దెబ్బ. పాదు నాలుగు బారలు పాకిన తరువాత అది తిన్నా లెక్కలేదు. మొలకల మీద ఉదయం మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లడం పాత పద్ధతి, మంచి పద్ధతి. దాని పిల్లలు మట్టిలో వేళ్ళను తింటాయి కాబట్టి కాపు అయిన పాదును పీకి, మట్టి తిరగవేసి ఎండనివ్వాలి. మందార, బెండ పూలను తినే నలుపు, నారింజ పట్టీల పురుగును మాత్రం ఉత్త చేతితో పట్టరాదు, ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. గుడ్డ చుట్టుకునో, పుల్లతోనో సబ్బు నీళ్ళలోకి తోయాలి.

ఆకులు తినే ప్రతి పెంకు పురుగూ శత్రువే అనుకోవడం కూడా తప్పే. వయ్యారిభామ మొక్కల మీద వానాకాలంలో తెల్లని వీపు మీద నల్లని నిలువు గీతల పురుగులు కొన్నిచోట్ల గుంపులుగా ఉంటాయి. ఆ కలుపును తినడానికే వాటిని 1983లో మెక్సికో నుండి బెంగుళూరుకు తెప్పించి, మరుసటి ఏడు బయట వదిలారు. పొద్దుతిరుగుడును కూడా తింటున్నదని కర్ణాటకలో ఒకప్పుడు పెద్ద అలజడే జరిగింది గాని, విచారణలో ఆ భయానికి ఆధారం లేదని తేలింది.

పెరటి వేప మీదినుండి శెనక్కాయ చేనికి

పెరటి పురుగు పెరటితోనే పోదు అనడానికి వేరు పురుగు చాలు. శెనక్కాయ చేలో పైరు తావులు తావులుగా వాడి, లాగితే వేరు తెగి చేతికి వస్తుంది. తవ్వితే గోధుమ రంగు తలతో, కొడవలి మాదిరి వంగిన తెల్లని పురుగు ఉంటుంది. రైతు అప్పుడు చేనికి మందు వెదుకుతాడు. ఆ తెల్ల పురుగు తల్లి ముంగారు తొలి పదునుకు తన ఇంటి పెరటి వేప మీదనే కూర్చుని ఆకు తిన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

రోహిణి, మృగశిర కార్తెల్లో మంచి వాన ఒకటి పడగానే, చీకటి పడిన కాసేపటికి గోధుమ రంగు పెంకు పురుగులు నేలలో నుండి లేస్తాయి. వేప, రేగు, తుమ్మ చెట్ల మీద వాలి, జతకట్టి, రాత్రంతా ఆకు తిని, తెల్లవారకముందే మళ్ళీ మట్టిలో దూరి గుడ్లు పెడతాయి. మనిషికి చేదైన వేపాకు వీటికి విందు కావడం విచిత్రమే. ఏడాదికి ఒక్క తరమే కాబట్టి ఆ కొద్ది రాత్రుల్లో పట్టుకుంటే ఆ ఏటికి సగం పని అయినట్లే. రాత్రి 8, 10 గంటల మధ్య కొంకి కర్రతో కొమ్మలు దులిపి, కింద పరచిన పట్ట మీద రాలిన వాటిని కిరోసిన్ కలిపిన నీళ్ళలో వేయాలి. వరుసగా మూడు నాలుగు రాత్రులు చేయాలి. ఒక ఇంటివారు దులిపి పక్కింటివారు ఊరుకుంటే ఫలం లేదు. ఊరంతా ఒకేసారి పూనుకోవాలి. పీర్ల పండుగకు, జాతరకు ఊరు ఒక్కటయ్యే చోట దీనికి మాత్రం ఎందుకు కాదు?

వేప చెట్టుకే మందు కొడితే పోతుంది గదా అనేవారున్నారు. ఆ చెట్టు పుల్లతోనే ఇంటిల్లిపాదీ పళ్ళు తోముకుంటారు. దాని రెమ్మలే మేకలకు మేత. మాగని పశువుల ఎరువును చేనికి తోలకుండా ఉండటం, వేసవి దుక్కి దున్ని కాకులకు, గోరింకలకు ఈ పురుగులను తిననివ్వడం ఎంతో మేలు. ఈ వానలకే కనిపించే ఎర్ర మఖమలు ఆరుద్ర పురుగును మాత్రం ఏమీ అనరాదు. అది పెంకు పురుగు కాదు, ఆకు ముట్టదు.

ఈ ఏరుడు పనంతా ఆడవాళ్ళ నెత్తినే పడుతుందన్న ఆక్షేపణ ఒకటున్నది. అది నిజమైన ఆక్షేపణే. రాయదుర్గంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ జీన్సు ప్యాంట్లు కుట్టి పీసుకింత అని సంపాదించే ఇల్లాలికి పొద్దుట పావుగంట కూడా కూలితో సమానం. కాని ఆ పావుగంట ఆమె ఒక్కతెదే కావాలని ఎక్కడా లేదు. చేనికి పోయేముందు మగవాడు చాట పట్టవచ్చు. ముళ్ళ పిల్లను, మొసలి పిల్లను విడదీసి చూడటంలో పిల్లల కళ్ళు పెద్దల కళ్ళ కంటె చురుకైనవి. బడి తోటలు ఉన్న చోట ఉపాధ్యాయులు ఒక్క గంట దీనికి కేటాయించినా పిల్లలే ఇంటికి పోయి చెబుతారు.

ఇక వ్యవసాయ శాఖ చేయవలసినది. రేకులకుంటలో పరిశోధనా కేంద్రం ఉన్నది, రెడ్డిపల్లిలో, కళ్యాణదుర్గంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. 2016 నుండి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో పెరటి తోటలను, కషాయాలను గురించి మహిళా సంఘాలకు చెబుతున్న మాట వాస్తవం, అభినందనీయం. అయినా గ్రామంలో గోడకు అంటించే బొమ్మల్లో శెనక్కాయ, పత్తి, మిరప, వరి పురుగులే గాని పెరటి వంగ పురుగు కనిపించదు. కషాయం ఎలా కాచాలో చెబుతున్నారు గాని ఏ పురుగుకు కాచాలో చూపించడం లేదు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా తెరిచి, తరువాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చిన వాటిలో ప్రతి ఊళ్ళోనూ ఒక బల్ల ఉన్నది. ఆ బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టడానికి బడ్జెట్ అక్కరలేదు. ఒకదానిలో మెరిసే అక్షింతల పురుగు, దాని నల్లని పిల్ల. రెండవదానిలో మెరవని అక్షింతల పురుగు, దాని పసుపు ముళ్ళ పిల్ల. పక్కన చెరకు గడ వంటి కొంకి కర్ర ఒకటి, తొలి పదును పడిన రాత్రి ఊరిలో చాటింపు వేయించే బాధ్యత ఎవరిదో వ్రాసిన కాగితం ఒకటి. రోహిణి కార్తె లోపల ఈ పని అయిపోవాలి.